మూడోసారి అడగలేదు

"కాలు ఇలా చాపు. బూటు విప్పనీ."

"నేను విప్పుకుంటాను."

"వంగకూడదన్నాడు డాక్టరు."

"వంగకూడదనలేదు. బరువెత్తకూడదన్నాడు."

"మరి ఎత్తావుగా."

లైల్ కుర్చీలో వెనక్కి వాలి కాలు చాపాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. అతని భార్య ఆర్లిస్ వంటింటి నేల మీద చతికిలబడి, పేడ అంటుకుని బిగుసుకుపోయిన లేసు ముడిని గోళ్లతో విప్పుతోంది.

గుండెకు ఆపరేషనై ఇంటికొచ్చి రెండు నెలలు కాలేదు అతనికి. కాఫీ కప్పు కంటే బరువైంది ఏదీ పట్టుకోవద్దని చెప్పి మరీ పంపించారు. ఆర్లిస్ దూడలకు పాలు పట్టి కొట్టంలోకి వచ్చేసరికి, పాలు పితికే మిషను ఒళ్లో పెట్టుకుని ఆవుకీ ఆవుకీ మధ్య సిమెంటు గచ్చు మీద ఉన్నాడు. పడిపోయావా అంటే, లేదు, కూర్చున్నాను అన్నాడు. ఇంట్లోకి నడిపించుకొచ్చేదాకా ఆ మాటే అంటూ వచ్చాడు.

"కాఫీ తాగరా, సర్దుకుంటుంది," అంది బోర్గిల్డ్.

లైల్ తల్లి ఆమె. ఎనభైకి దగ్గర పడింది. మనిషి ఇంకా నిటారుగానే ఉంటుంది. ఆమె దృష్టిలో కాఫీకి లొంగని జబ్బు లేదు. ఆపరేషనుకు ముందు కూడా ఆసుపత్రికి ఫ్లాస్కు పట్టుకెళ్లింది.

ఆర్లిస్ బూటు లాగేసి పక్కన పెట్టింది. "రేపటితో గడువు అయిపోతుంది. కౌంటీ ఆఫీసావిడకి ఉద్యోగం సంగతి ఏదో ఒకటి చెప్పాలి."

"చెప్పు. వస్తానని చెప్పు."

"వెళ్తే సాయంత్రం ఎవరు పితుకుతారు?"

"నేను."

"ఇందాక పితికినట్టేనా?"

బోర్గిల్డ్ చెంచాతో కాఫీ కలిపింది. ఆమె చక్కెర వేసుకోదు.

జిల్లా పాలన చూసే కౌంటీ ఆఫీసులో, భూముల రికార్డుల దగ్గర ఉద్యోగం అది. ఫుల్‌టైం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా. లైల్ వాళ్ల టోలెఫ్సన్ కుటుంబంలో ఇంతవరకూ ఎవరూ గవర్నమెంటు ఉద్యోగం చేయలేదు. చేయాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడొచ్చింది. వాళ్ల ఆసుపత్రి ఇన్సూరెన్సు ఈ నెలాఖరుతో సరి. గుండె కోయించుకున్న రైతుకు కొత్తగా ఇన్సూరెన్సు ఇచ్చే కంపెనీ మా విస్కాన్సిన్ రాష్ట్రంలోనే కాదు, అమెరికాలో ఎక్కడా లేదు. కౌంటీ ఉద్యోగమైతే ఇంటిల్లిపాదికీ ఇస్తారు. ఆర్లిస్ అప్లికేషను పెట్టిందే అందుకు.

తీరా వాళ్లు ఫోన్ చేసి, రమ్మన్నాక చిక్కొచ్చి పడింది. పట్నం నుంచి ఇంటికి ముప్పావు గంట దారి. ఆవులకు సాయంత్రం పితికే వేళ నాలుగు. అవి గడియారం చూడవు గానీ, ఆలస్యమైతే పొదుగులు బిగిసి అరుస్తాయి. పితకడం ఒక్కటే కాదు, మేత వేయాలి, పేడ తీయాలి, దూడల్ని చూడాలి. ఆర్లిస్ ఐదుంబావుకు వచ్చి మొదలుపెట్టేదాకా లైల్ చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు. ఈ పొద్దున్నే తేలిపోయింది ఆ సంగతి.

"కొంచెం తక్కువ గంటలు ఇస్తారేమో అడుగుతాను," అంది ఆర్లిస్. "రెండింటికో, రెండున్నరకో వదిలేస్తే చాలు."

"అడిగితే ఇంకొకరిని చూసుకుంటారు," అన్నాడు లైల్. "గవర్నమెంటు పిలిచి ఉద్యోగం ఇస్తానంటే, నాకు అంతొద్దు, కాస్త తగ్గించి ఇవ్వండి అన్నవాళ్లని ఎక్కడైనా చూశావా?"

"అడిగితే ఏం పోతుంది?"

"పరువు పోతుంది," అంది బోర్గిల్డ్. "అడగడమేమిటమ్మాయ్? ఇవ్వాలనుంటే వాళ్లే అంటారు. టోలెఫ్సన్ కోడలు కౌంటీ ఆఫీసుకెళ్లి గీచి గీచి బేరమాడిందని పాకిందనుకో, ఆదివారం చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అడగందే అమ్మైనా పెట్టదని సామెత. మావాళ్లలో అడిగితే అమ్మ అసలే పెట్టదు. మా తాతముత్తాతలు నార్వే నుంచి ఓడెక్కి ఈ విస్కాన్సిన్ కొండల్లోకి వచ్చినప్పుడు తెచ్చుకున్న సామాను ఒక పెట్టెడు. మొహమాటం మాత్రం ఓడెడు. ఆ పొద్దున కూడా బల్ల మీద పళ్లెంలో ఆఖరి కేకు ముక్క ఉంది. బోర్గిల్డ్ దాన్ని కత్తితో సగానికి కోసి ఒక సగం తీసుకుంది. లైల్ ఆ మిగిలిన సగంలో సగం కోసుకున్నాడు. ఆర్లిస్ ఆ పావులో సగం. ఆఖరి ముక్క తినేశారన్న పేరు ఎవరికీ రాకూడదు కదా. మిగిలిన పిసరు ఎండి బిస్కెట్ అయ్యేదాకా అక్కడే ఉండి, చివరికి కుక్క పాలవుతుంది.

"పోనీ ఆవుల్ని తీసేస్తే..." అని లైల్ ఆగాడు.

"తీసేస్తే?" అంది ఆర్లిస్.

"ఏం లేదు. మాటవరసకి."

"మీ నాన్న చేతి మీద పెరిగిన మంద అది. అమ్మితే అత్తయ్య తట్టుకుంటుందా? నువ్వు తట్టుకుంటావా? మీ ఇద్దరి కోసమే కదా నేనింత ఆలోచించేది."

లైల్ తల్లి వైపు చూశాడు. బోర్గిల్డ్ కాఫీ వైపు చూసింది.

"నీ ఇష్టం," అన్నాడు లైల్. "మొహమాటపడకుండా మాట్లాడు మరి."

ఆ మాట అతని నోట విని ఆర్లిస్‌కు నవ్వొచ్చింది. నవ్వలేదు.

* * *

కౌంటీ ఆఫీసులో ఆ విభాగం అధికారి పేరు డెనీస్ రుజేరో. న్యూజెర్సీ నుంచి వచ్చి రెండేళ్లయింది. మా దగ్గర రెండేళ్లంటే ఇంకా నిన్న వచ్చినట్టే లెక్క. ఆవిడ నడక వడి, మాట సూటి. మనిషి మంచిదే, కాస్త తొందరెక్కువ అని మా చర్చి ఆడవాళ్లు ఆవిడ గురించి ఎప్పుడో తీర్పు చెప్పేశారు.

"రండి, కూర్చోండి ఆర్లిస్ గారూ. కాఫీ?"

"వద్దండి."

"సరే," అని రుజేరో తన కాఫీ తను తాగింది.

అప్పుడే ఆర్లిస్‌కు అర్థం కావాల్సింది. కాలేదు.

"దారంతా మంచు. వంతెన దగ్గర మరీ ఎక్కువ," అంది ఆర్లిస్.

"అవునా?"

"ఇసుక చల్లారు లెండి. పర్వాలేదు. ఈసారి చలి తొందరగా వచ్చింది."

"మీరొచ్చింది చలి గురించి చెప్పడానికి కాదనుకుంటా."

ఆర్లిస్ ఒళ్లో చేతిసంచీ సర్దుకుంది. మావాళ్లకు అసలు మాటలోకి వెళ్లేముందు దారి, చలి, ఎవరిదో ఒకరిది విరిగిన తుంటి ఎముక, ఇవన్నీ దాటాలి. ఈవిడ తిన్నగా వీధి తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేసింది.

"ఏం లేదండి. ఉద్యోగం గురించి. మీరు పిలిచినందుకు చాలా సంతోషం. మా ఇంట్లో అందరూ సంతోషించారు."

"అయితే సోమవారం వస్తున్నారు."

"రావాలనే. కాకపోతే ఆవులు..."

"ఆవులు?"

"సాయంత్రం నాలుగింటికి పితకాలి. మా ఆయనకి ఒంట్లో బాగుండక... ఇప్పుడు బాగానే ఉన్నాడు. పెద్ద విషయమేం కాదు. నేను లేకపోతే తనే పితుకుతానంటాడు. పితక్కూడదు. అంతే. మీకు చెప్పాల్సిన సంగతి కూడా కాదు."

రుజేరో పెన్ను కింద పెట్టింది. ఆవిడకు పావు నిమిషం కూడా పట్టలేదు.

"గంటలు తగ్గించమంటున్నారా?"

ఆర్లిస్‌కు చెవులు వేడెక్కాయి. "అబ్బే, నేను అలా అనలేదండి."

"అనొచ్చు, తప్పేముంది? చూడండి, వారానికి ముప్ఫై గంటలు చేయండి. రెండున్నరకి వెళ్లిపోండి. ముప్ఫై దాకా ఇన్సూరెన్సు అలాగే ఉంటుంది, అంతకంటే తగ్గితేనే పోతుంది. జీతం కొంత తగ్గుతుంది. అలా చేద్దామా?"

కోరుకున్నది కోరుకున్నట్టు బల్ల మీద పెట్టేసింది. రాత్రంతా పడుకుని ఆర్లిస్ ఊహించుకున్న మాటలివే. అంకెతో సహా ఇవే.

"అయ్యో, వద్దండి," అంది ఆర్లిస్. "నా మూలంగా మీకెందుకు ఇబ్బంది?"

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. తెలివితక్కువతో అన్నదీ కాదు. మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి, కాస్త మెత్తగా. మూడోసారి అడిగినప్పుడు, అయ్యో, మీరింతగా అంటున్నారు కాబట్టి అని తీసుకోవాలి. ఇచ్చేవాళ్లకీ తెలుసు, మూడుసార్లు అడగాలని. మొదటిసారికే చెయ్యి చాపినవాణ్ని ఆశపోతంటారు. రెండోసారికే అడగడం ఆపేసినవాణ్ని పిసినారంటారు. కాఫీ దగ్గర్నుంచి పిల్లనివ్వడం దాకా ఇదే పద్ధతి. మాలో పెళ్లిళ్లు ఆలస్యంగా అవుతాయంటే ఊరికే అవుతాయా?

"ఇబ్బందేం లేదండి. నిజంగా," అంది రుజేరో. "కౌంటీ బోర్డుకి ఒక మాట చెప్పాలి, అంతే. మీకు వీలుగా ఉంటుందా, ఉండదా?"

"ఎందుకు లెండి. మేం ఎలాగోలా సర్దుకుంటాం."

ఇది రెండోది. మెత్తగానే అంది. అని, తల కొంచెం వంచి, మూడోదాని కోసం ఎదురుచూసింది.

రుజేరో నవ్వింది. నిజంగా సంతోషించి నవ్వింది. "నిజం చెప్పనా? నాకూ అదే నయం. బోర్డువాళ్లు ఫుల్‌టైం మనిషే కావాలంటున్నారు. అయితే సోమవారం ఎనిమిదింటికి. ఇప్పుడే వాళ్లకి చెప్పేస్తాను."

లేచి చెయ్యి చాపింది. ఆర్లిస్ కూడా లేచి చెయ్యి కలిపింది. కోటు గుండీలు పెట్టుకుంది. మెడకు శాలువా చుట్టుకుంది. విప్పి మళ్లీ చుట్టుకుంది. తలుపు దగ్గర చేతితొడుగులు ఒక్కో వేలే సర్దుకుంది.

"ఏమైనా మర్చిపోయారా?" అంది రుజేరో.

"లేదండి. జాగ్రత్తగా ఉండండి. వంతెన దగ్గర మంచు."

బయట ట్రక్కులో కూర్చుని తాళంచెవి పెట్టింది గానీ తిప్పలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. ఆడవాళ్లు చదివే పత్రికలో రాయదగింది కాదు. ఇంకొక్కసారి అడగొచ్చుగా అనుకుంది ఆర్లిస్. ఒక్కసారి. దానికే ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, వంతెన మీద నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చింది.

* * *

"ఏమంది?" అన్నాడు లైల్.

"సోమవారం రమ్మంది. ఎనిమిదింటికి."

"గంటలు అడిగావా?"

"ఆవిడే అంది. ముప్ఫై గంటలు చేయమంది. రెండున్నరకే వెళ్లిపోవచ్చంది. ఇన్సూరెన్సు కూడా ఉంటుందంది."

"మరింకేం?"

"వద్దన్నాను."

బోర్గిల్డ్ బంగాళాదుంప చెక్కు తీస్తున్నదల్లా ఆగింది. ఎందుకు వద్దన్నావని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో అది అడగాల్సిన ప్రశ్న కాదు.

"మళ్లీ అడగలేదా?" అంది బోర్గిల్డ్ చివరికి.

"లేదు."

"ఆవిడ ఈ వైపు మనిషి కాదు కదా," అంది బోర్గిల్డ్. ఎవరో చనిపోయినప్పుడు అనే గొంతుతో అంది.

"సరే, అయిందేదో అయింది," అన్నాడు లైల్. "ఫుల్‌టైమే చెయ్యి. కొట్టం సంగతి నేను చూస్తాను."

"నువ్వేం చూస్తావు?"

"ఏదో ఒకటి. అన్నీ నీ నెత్తినే వేసుకోకు."

గొంతు కోపంగా లేదు. పైగా తేలిగ్గా ఉంది. తనని ఓదార్చడానికి అలా అంటున్నాడనుకుంది ఆర్లిస్. అతను పొయ్యి దగ్గరకి వెళ్లి ఏదో కూనిరాగం కూడా తీశాడు. ఆపరేషను తర్వాత అతను రాగం తీయడం అదే మొదలు. పాపం, ఎంత ఓర్చుకుంటున్నాడో అనుకుని ఆర్లిస్ బట్టలు మార్చుకుని కొట్టంలోకి వెళ్లింది.

మర్నాడు తెల్లవారకముందే మళ్లీ అక్కడే ఉంది. బయట చలి కోసేస్తోంది. లోపల నలభై ఆవుల ఊపిరితో వెచ్చగా ఉంది. ఆర్లిస్ పట్నంలో ఇనప సామాను కొట్టువాళ్ల పిల్ల. పెళ్లయి వచ్చేదాకా ఆవుని ముట్టుకోలేదు. మొదటి నెలలో రెండుసార్లు తన్నులు తింది. ఎప్పుడు మొదలైందో తెలీదు గానీ, ఈ వేళ అంటే ఆమెకు ఇష్టం. తలని ఆవు పక్కకి ఆనించి పొదుగు తుడిచేటప్పుడు, దాని కడుపులో గుడగుడలు చెవికి వినిపించేటప్పుడు, లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇది కష్టం కాబట్టి చేస్తున్నానన్నట్టే ఉంటుంది, మావాళ్లందరిలాగే.

ఈ మంద ఉండాలనుకుంటున్నది లైల్ కోసం కాదు, అత్తయ్య కోసమూ కాదు. ఆ పొద్దున మిషను తగిలిస్తూ ఆ మాట తనకి తనే చెప్పుకుంది. చెప్పుకున్నాక చేయాల్సింది కూడా తెలిసింది.

ఎనిమిది కొట్టగానే వంటింటి గోడకున్న ఫోను తీసింది. లైల్ డాక్టరు చెప్పిన నడకకి బయల్దేరి అప్పుడే వెళ్లాడు. రోడ్డు మీద టపా పెట్టె దాకా వెళ్లి రావడం అతని నడక.

"ఎవరికి?" అంది బోర్గిల్డ్.

"కౌంటీ ఆఫీసుకి."

"ఏమని చెప్తావు?"

"కావాలని చెప్తాను."

బోర్గిల్డ్ లేచి ముందు గదిలోకి వెళ్లింది. తలుపు మాత్రం పూర్తిగా వేయలేదు.

"రుజేరోని," అంది అటువైపు గొంతు.

"నేను ఆర్లిస్‌నండి. ఆర్లిస్ టోలెఫ్సన్. రాత్రి చలి..." ఆర్లిస్ ఆగింది. ఫోను తీగ వేలికి చుట్టుకుంది. "చలి సంగతి కాదండి. నిన్న మీరన్న ముప్ఫై గంటలు. అవి నాకు కావాలి."

"నిన్న వద్దన్నారు కదా."

"అన్నాను."

"రెండుసార్లు అడిగాను."

"అడిగారు. మూడోసారి..." ఇది వివరించే పని కాదని ఆర్లిస్‌కు అర్థమైంది. "తప్పు నాదే. నిన్నే చెప్పాల్సింది. మా ఆయన కోసం అన్నట్టు చెప్పాను. ఆయన కోసం కాదు. నా ఆవులు నాకు కావాలి. సాయంత్రం వాటి దగ్గర ఉండాలి నేను. దానికోసం జీతం తగ్గినా నాకు పర్వాలేదు."

అటువైపు కుర్చీ కిర్రుమంది. రుజేరో ఎవరితోనో ఒక్క నిమిషం ఆగమంది.

"బోర్డువాళ్లకి నిన్ననే చెప్పేశాను, ఆర్లిస్ గారూ. ఇప్పుడు మళ్లీ చెప్పాలంటే నా మాట పోతుంది."

వద్దులెండి అన్న మాట ఆర్లిస్ నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించింది.

"అవునండి," అంది. ఇంకేమీ అనలేదు.

ఆ నిశ్శబ్దం చాలాసేపు నడిచింది. మావాళ్లకు నిశ్శబ్దం కొత్త కాదు. న్యూజెర్సీవాళ్లకు కొత్త.

"సరే," అంది రుజేరో. "చేస్తాను. కానీ ఒక సంగతి. ఆ మిగిలిన గంటలు నేను ఇవాళే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాను, ఆమె చాన్నాళ్లుగా అడుగుతోంది. తర్వాత మీరొచ్చి మళ్లీ ఫుల్‌టైం కావాలంటే ఉండదు. నెలకో మాట మార్చడానికి ఇది మా ఇంటి వ్యవహారం కాదు. ఆలోచించుకునే చెప్తున్నారా?"

"ఆలోచించుకునే చెప్తున్నాను."

"అయితే ఖాయం?"

"ఖాయం," అంది ఆర్లిస్. మొదటిసారికే అంది.

ఫోను పెట్టేశాక గోడకి ఆనుకుని నిలబడింది. ముందు గది తలుపు తెరుచుకుంది.

"ఇచ్చిందా?" అంది బోర్గిల్డ్.

"ఇచ్చింది."

"నోరు విప్పి అడిగితే ఇచ్చిందా?"

"ఇచ్చింది అత్తయ్యా."

బోర్గిల్డ్ నమ్మలేనట్టు తల ఆడించింది. కాఫీ పొయ్యి మీద పెట్టి, ఈసారి మంచి కప్పులు తీసింది. పాదరీగారు వచ్చినప్పుడు తప్ప అవి బీరువాలోంచి బయటికి రావు.

లైల్ వచ్చేసరికి ముగ్గురికీ కాఫీ పోసి ఉంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెంపలు చలికి ఎర్రగా ఉన్నాయి. చాన్నాళ్ల తర్వాత మనిషి మనిషిలా కనిపించాడు.

"నేనో మాట చెప్పాలి," అన్నాడు.

"ముందు నేను చెప్తాను," అంది ఆర్లిస్. "ఫోన్ చేశాను. ముప్ఫై గంటలు ఇచ్చేసింది. రెండున్నరకే వదిలేస్తుంది. నువ్వు కొట్టంలోకి అడుగు పెట్టక్కర్లేదు. ఆవులెక్కడికీ పోవు."

లైల్ కప్పు వైపు చెయ్యి చాపి ఆపాడు.

"ఇప్పుడేనా?"

"నువ్వు వెళ్లగానే."

"మార్చుకోవచ్చా?"

"ఎందుకు మార్చుకోవడం? కుదరదంది కూడా. మిగిలిన గంటలు ఇంకెవరికో ఇచ్చేసింది."

లైల్ టోపీని రెండు చేతులతో పట్టుకుని చుట్టూ తిప్పాడు.

"టపా పెట్టె దగ్గర హార్లన్ కనిపించాడు," అన్నాడు.

హార్లన్ పశువుల బేరగాడు. మా వైపు ఏ కొట్టం ఖాళీ అయినా అతని లారీలోనే ఖాళీ అవుతుంది.

"అయితే?"

"మంద అమ్ముతావా అన్నాడు. రేపు లారీ ఇటే వస్తోందట."

"నువ్వేమన్నావు?"

"నువ్వు ఫుల్‌టైం అన్నావు కదా నిన్న."

"నువ్వేమన్నావు లైల్?"

"చేతిలో చెయ్యి వేశాను."

మా దగ్గర చేతిలో చెయ్యి వేస్తే కాగితం అక్కర్లేదు. వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడి పేరు మనవలదాకా నిలుస్తుంది. బోర్గిల్డ్ కప్పు కింద పెట్టింది. ఆర్లిస్ మాత్రం అతన్నే చూస్తోంది, ఇంకా ఏదో తేలాల్సి ఉన్నట్టు.

"ఎన్నిసార్లు అడిగాడు?" అంది.

లైల్ తల వంచుకున్నాడు.

"ఎన్నిసార్లు అడిగాడు లైల్?"

"ఒక్కసారే."

అప్పుడు అర్థమైంది ఆమెకు. నిన్న తేలిగ్గా పలికిన గొంతు, కూనిరాగం, మాటవరసకి అన్న మాట, అన్నీ.

"నాకు ఆవులంటే ఇష్టం లేదు, ఆర్లిస్," అన్నాడు లైల్. గొంతు పెంచలేదు. "ఎప్పుడూ లేదు. నాన్న ఇచ్చాడు కాబట్టి చేశాను. అమ్మ బాధపడుతుందని చేశాను. ఆసుపత్రిలో కళ్లు తెరిచినప్పుడు నాకు మొదట తోచింది ఏమిటో తెలుసా? ఇక పితక్కర్లేదని. ఆ మంచం మీద పడుకుని సంతోషపడ్డాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను."

ఆర్లిస్ అత్తగారి వైపు తిరిగింది. ఆమె ఏడుస్తుందనుకుంది, కొడుకుని తిడుతుందనుకుంది. బోర్గిల్డ్ బల్ల మీద గుడ్డ అంచు సవరిస్తోంది.

"మీ నాన్న పోయిన ఏడాదే అమ్మేయమందామనుకున్నాను," అంది. "నువ్వు బాధపడతావని ఊరుకున్నానురా."

తల్లీ కొడుకూ ఒకరినొకరు చూసుకున్నారు. లైల్ మొహంలో నవ్వులాంటిది కదిలింది. పదకొండేళ్లయింది ముసలాయన పోయి. పదకొండేళ్లూ ఒకరి కోసం ఒకరు ఆ మందని మేపారు.

"మంచిదే అయింది," అంది బోర్గిల్డ్, మాట సర్దుతూ. "ఇద్దరికీ శ్రమ తప్పింది. ఆ ఉద్యోగమేదో నిదానంగా చేసుకుందువు గాని అమ్మాయ్. రెండున్నరకే ఇంటికొస్తావు. హాయి."

"ముప్ఫై గంటల జీతంతో ఇల్లు గడవదు అత్తయ్యా. పాల డబ్బు ఉంటుందని ఒప్పుకున్నాను."

లైల్ టోపీని బల్ల మీద పెట్టాడు.

"అదీ కాదు," అంది ఆర్లిస్. కప్పు పక్కకి నెట్టింది. "నీకు ఇష్టం లేదు. అత్తయ్యకి ఇష్టం లేదు. బాగుంది. నాకు ఇష్టమో కాదో ఎవరైనా అడిగారా? ఇన్నేళ్లలో ఒక్కసారి? కాఫీకి మూడుసార్లు అడుగుతారే, దీనికి ఒక్కసారి అడగాలనిపించలేదా మీకు?"

"నీకు కష్టమని..." అన్నాడు లైల్.

"నాకు కష్టం కాదు. నాకు అవి కావాలి."

లేచి గోడ దగ్గరకి వెళ్లింది. ఫోను తీసి నంబరు తిప్పడం మొదలుపెట్టింది. హార్లన్ నంబరు మా వైపు ప్రతి వంటింట్లోనూ అందరికీ నోటికొచ్చు.

"ఆర్లిస్, పెట్టెయ్," అన్నాడు లైల్. "చెయ్యి వేశాను. నా మొహం చూసైనా పెట్టెయ్. ఈ ఊళ్లో నేను మళ్లీ తలెత్తుకోలేను."

ఆమె వెనక్కి తిరగలేదు. అతను లేవబోయి, ఛాతీ మీద చెయ్యి ఒత్తుకుని మళ్లీ కూర్చుండిపోయాడు. బోర్గిల్డ్ ఇద్దరిలో ఎవరి దగ్గరకి వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడింది.

అటువైపు రెండుసార్లు మోగి, హార్లన్ ఫోను ఎత్తాడు.